హకోనె కొండల్లో ఆర్ట్ మ్యూజియంలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హకోనె ఎక్కడుంది? ఒక కొండ ఊళ్ళో ఇన్ని మ్యూజియంలు ఎలా వచ్చాయి?

టోక్యోకి నైరుతిగా, ఫూజీ పర్వతానికి ఆగ్నేయంగా ఉన్న అగ్నిపర్వత ప్రాంతం హకోనె. మధ్యలో ఆషీ సరస్సు, చుట్టూ కొండలు, ఎక్కడ చూసినా వేడినీటి బుగ్గలు. 1936 నుంచి ఇది నేషనల్ పార్క్‌లో భాగం. టోక్యోలో డబ్బున్నవాళ్ళు కొండ మీది గోరా అనే ఊరి చుట్టుపక్కల విశ్రాంతి ఇళ్ళు కట్టుకునేవారు. వాళ్ళ వెనకాలే కళాఖండాలు పోగుచేసినవాళ్ళూ వచ్చారు. ఒకాడా మొకిచి అనే ఆయన 1952లో పింగాణీ, మట్టిపాత్రల సేకరణతో హకోనె మ్యూజియం ఆఫ్ ఆర్ట్ తెరిచారు. 1969లో శిల్పాల ఆరుబయలు మ్యూజియం, 1988లో జపనీస్ శైలి బొమ్మల నరుకావా, 1996లో వెనిస్ గాజు మ్యూజియం, 2002లో కాస్మెటిక్స్ కంపెనీ పేరున్న పోలా, 2005లో ఫ్రెంచ్ గాజు కళాకారుడి పేరున్న లాలిక్, 2013లో ఒకాడా మ్యూజియం. ఇవి ముఖ్యమైనవే, చిన్నవి ఇంకా ఉన్నాయి.

రోజుకి ఎన్ని చూడగలం?

రెండు. మూడోది పెట్టుకుంటే మూడూ సగం సగమే అవుతాయి.

మ్యాప్‌లో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. చాలామంది దెబ్బతినేది అక్కడే. హకోనె దూరాల ఊరు కాదు, మలుపుల ఊరు. హకోనెకి గుమ్మం లాంటి యుమొతో స్టేషన్ నుంచి గోరాకి రైలు దారి 8.9 కిలోమీటర్లే, పట్టే సమయం మాత్రం దాదాపు 40 నిమిషాలు. దీనికి తోడు మ్యూజియంలు ఎక్కువ భాగం సాయంత్రం 5 గంటలకి మూసేస్తారు, చివరి ప్రవేశం 4:30కే. ఉదయం 10 గంటలకి యుమొతోలో దిగినవాళ్ళకి పైకి ఎక్కే రైలు సమయం పోను చేతిలో మిగిలేది ఆరు గంటలు. అందులో బస్సు కోసం నిలబడేది, భోజనం తీసేయండి.

ఆరుబయలు శిల్పాలకి రెండున్నర గంటలు, పోలాకి రెండు గంటలు, దాని అడవి బాటకి ఇంకో అరగంట, ఒకాడాకి రెండు గంటలు, నాచు తోట ఉన్న హకోనె మ్యూజియంకి గంట, లాలిక్‌కి గంటన్నర, నరుకావాకి గంట. ఈ లెక్క వేసుకుని రండి.

ఒక్కరోజే ఉంది. ఏవి ఎంచుకోవాలి?

మొదటిసారి వచ్చేవాళ్ళు పొద్దున ఆరుబయలు శిల్పాల మ్యూజియం, మధ్యాహ్నం పోలా చూడటం మంచిది. తొమ్మిదింటికి గేటు తీసేసరికి శిల్పాల దగ్గర ఉంటే గడ్డి మీద మంచు ఇంకా ఆరదు, జనం తక్కువ. అక్కడినుంచి గోరాకి రైల్లో ఒక్క స్టేషన్, గోరా నుంచి పోలాకి బస్సులో పదిహేను నిమిషాల లోపే.

జపాన్ చైనా పాత కళ, పింగాణీ, మడత తెరల మీద బొమ్మలు ఇష్టమైతే పోలా బదులు ఒకాడా. పెయింటింగ్ కంటే తోటలు ఇష్టమైనవాళ్ళకి, ముఖ్యంగా నవంబరులో, హకోనె మ్యూజియం. రాత్రి అక్కడే ఉండేట్టయితే రెండో రోజు హకోనెలోనే ఉత్తరాన ఉన్న సెన్‌గోకుహారా వైపు పెట్టుకోండి. లాలిక్, వెనిస్ గాజు మ్యూజియం రెండూ ఆ వైపే.

టోక్యో నుంచి ఎలా రావాలి? జేఆర్ పాస్ చెల్లుతుందా?

జేఆర్ పాస్, అంటే విదేశీ పర్యాటకులకి జపాన్ రైల్వేస్ ఇచ్చే పాస్, కొండ కింద ఉన్న ఒదవారా స్టేషన్ వరకే చెల్లుతుంది. ఆ పైన హకోనెలో తిరిగే రైళ్ళు, కేబుల్ కారు, బస్సులు జేఆర్‌వి కావు.

టోక్యో స్టేషన్ నుంచి కొదామా అనే షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో ఒదవారాకి దాదాపు 35 నిమిషాలు. నొజొమి అనే ఇంకో షింకన్‌సెన్ ఎక్కితే ఒదవారాలో ఆగదు, పొరపాటున ఎక్కినవాళ్ళు షిన్ యోకొహామా దాటాక నగోయాలోనే దిగాలి. ఒదవారాలో రైలు మారి యుమొతోకి 15 నిమిషాలు. పాస్ లేనివాళ్ళకి టోక్యోలోని షింజుకు స్టేషన్ నుంచి ఒదక్యూ రైలు కంపెనీ వాళ్ళ రొమాన్స్‌కార్ ఎక్స్‌ప్రెస్ హాయి. గంటన్నర లోపు మారకుండా నేరుగా యుమొతోలో దింపుతుంది. సీట్లన్నీ రిజర్వేషన్‌వే, శని ఆదివారాల్లో ఉదయపు సీట్లు ముందే అయిపోతాయి.

హకోనె ఫ్రీపాస్ కొనడం లాభమా?

మ్యూజియంలకే వచ్చి, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళకి చాలాసార్లు లాభం ఉండదు. పాస్ కనీసం రెండు రోజులది. రైలు, కేబుల్ కారు, రోప్‌వే, సరస్సులో ఓడ, హకోనె తోజాన్ బస్సులు అన్నీ వాడితేనే డబ్బు తిరిగొస్తుంది. గోరా, పోలా మధ్యే తిరిగితే ముందే డబ్బు నింపుకునే సుయికా లేదా పాస్మో కార్డుతో విడిగా కట్టుకోవడం చవక. రాత్రి ఉండి, మర్నాడు సరస్సు దాకా చుట్టి వస్తే పాస్ తీసుకోండి. చాలా మ్యూజియంలలో పాస్ చూపిస్తే టికెట్ మీద కొంత తగ్గిస్తారు, కౌంటర్‌లో డబ్బు కట్టే ముందే చూపించాలి.

రెండు మెలికలు గుర్తుంచుకోండి. రొమాన్స్‌కార్ ఎక్స్‌ప్రెస్ ఛార్జీ పాస్‌లో కలవదు, అది వేరే కట్టాలి. రెండోది బస్సు కంపెనీల సంగతి. హకోనెలో రెండు కంపెనీల బస్సులు ఒకే రోడ్డు మీద తిరుగుతాయి. పాస్ చెల్లేది తోజాన్ బస్సుల్లోనే, ఇజుహకోనె బస్సుల్లో చెల్లదు. ఒకే స్టాప్‌లో రెండింటి బోర్డులూ ఉంటాయి కాబట్టి ఎక్కే ముందు బస్సు మీద కంపెనీ పేరు చూడండి. దిగేటప్పుడు డ్రైవర్ మర్యాదగానే అడుగుతాడు, డబ్బు మాత్రం కట్టక తప్పదు.

ఏ మ్యూజియంకి ఎక్కడ దిగాలి?

ఆరుబయలు మ్యూజియంకి రైల్లో చోకొకు నో మొరి స్టేషన్. గోరాకి ఒక్క స్టేషన్ ముందు. చోకొకు నో మొరి అంటే శిల్పాల అడవి అని అర్థం, మ్యూజియం పేరే స్టేషన్ పేరు. దిగి రెండు నిమిషాలు నడిస్తే గేటు.

పోలాకి గోరా స్టేషన్ ముందు నుంచి మ్యూజియంల మధ్య తిరిగే తోజాన్ బస్సు, ఎస్ అక్షరంతో ఉండేది. పోలా గుమ్మం దగ్గరే ఆగుతుంది. నడిచి వెళ్దామనుకోవద్దు, దారి అడవిలోంచి మలుపులు తిరుగుతూ పోతుంది.

ఒకాడాకి రైలు అక్కర్లేదు. యుమొతోలో హెచ్ లైన్ బస్సెక్కి కోవకిఎన్ స్టాప్‌లో దిగితే మ్యూజియం ఎదురుగానే. ట్రాఫిక్ లేకపోతే ఇరవై నిమిషాలు.

నాచు తోట ఉన్న హకోనె మ్యూజియంకి గోరాలో కేబుల్ కారెక్కి రెండో స్టేషన్, కోఎన్ కామి. ఆ ముందుది కోఎన్ షిమో, తొందరపడి అక్కడ దిగితే మెట్లెక్కాల్సి వస్తుంది. కామి అంటే పైన, షిమో అంటే కింద.

లాలిక్, గాజు మ్యూజియంలకి యుమొతో నుంచి తోగెన్‌దాయ్ వెళ్ళే టీ లైన్ బస్సు. నరుకావాకి మొతో హకోనెలో సరస్సు ఒడ్డున దిగి, గుట్ట ఎక్కాలి.

బస్సుల్లో ఛార్జీ దూరాన్ని బట్టి ఉంటుంది. కార్డు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకించాలి. ఎక్కేటప్పుడు మర్చిపోతే దిగేటప్పుడు ఎక్కడెక్కారో డ్రైవర్‌కి చెప్పాలి, వెనక క్యూ ఆగిపోతుంది.

ఒకాడా మ్యూజియం, ఒకాడా మొకిచి మ్యూజియం ఒకటేనా?

కాదు. దీనివల్ల ఎంతమంది తప్పు చోట దిగుతారో లెక్కలేదు. ఒకాడా మొకిచి స్థాపించింది గోరా పైన ఉన్న హకోనె మ్యూజియం ఆఫ్ ఆర్ట్. జపనీస్‌లో హకోనె బిజుత్సుకాన్, బిజుత్సుకాన్ అంటే ఆర్ట్ మ్యూజియం. కోవకుదానిలో 2013లో తెరిచిన ఒకాడా బిజుత్సుకాన్ ఒకాడా కజువో అనే వ్యాపారవేత్తది. ఇద్దరూ వేరు, మ్యూజియంలూ వేరు. టాక్సీ ఎక్కితే పేరు చెప్పి ఊరుకోకుండా ఫోన్లో మ్యాప్ చూపించండి.

శిల్పాల మ్యూజియంలో ఏం చూడాలి, ఎటునుంచి మొదలుపెట్టాలి?

స్థలం మొత్తం 70,000 చదరపు మీటర్లు, ఆరుబయట 120 దాకా శిల్పాలు. జపాన్‌లో మొదటి ఆరుబయలు ఆర్ట్ మ్యూజియం ఇదే. టికెట్ పెద్దవాళ్ళకి 2,000 యెన్‌లు, ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే కొంత తగ్గుతుంది. సెలవు లేకుండా ఏడాదంతా తెరిచే ఉంటుంది.

లోపలికి వెళ్ళగానే అందరూ ఫోటోల కోసం మొదటి పచ్చికలోనే ఆగిపోతారు. మీరు ముందు చివరిదాకా నడిచేసి, వెనక్కి చూసుకుంటూ రండి. రద్దీ మీకు ఎదురుగా వస్తుంది తప్ప మీ చుట్టూ ఉండదు. చివర్లో ఉన్న రంగుటద్దాల బురుజు అలా అయితేనే ప్రశాంతంగా దొరుకుతుంది. గాబ్రియేల్ లోయిర్ అనే ఫ్రెంచ్ కళాకారుడు చేసిన 18 మీటర్ల ఎత్తు గోపురం అది. బయటినుంచి చూస్తే నీళ్ళ ట్యాంకులా మామూలుగా ఉంటుంది. లోపల అడుగుపెట్టాక చీకటి, మధ్యలో చుట్టలు తిరిగే ఇరుకు మెట్లు. గోడంతా పగలగొట్టిన మందపాటి గాజు ముక్కలు. ఎండ ఉన్న రోజున కమ్మీ పట్టుకున్న చేతి మీద నీలం, ఇంకో మెట్టెక్కితే మోచేతి మీద ఎరుపు. పక్కన నడిచేవాళ్ళ మొహం కూడా మారిపోతుంది. మబ్బు పట్టిన రోజు ఇందులో సగం కూడా ఉండదు. అందుకని ఉదయం ఎండ కాస్తే, పికాసో భవనాన్ని తర్వాతకి వదిలి ఇక్కడికే ముందు రండి. పైకెక్కితే చుట్టూ కొండలు కనిపిస్తాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద నిలబడి తల పైకెత్తి చూసినా నష్టం లేదు, అసలు అందం లోపలి గోడదే.

ఇంగ్లీషు శిల్పి హెన్రీ మూర్ శిల్పాలు 26 ఉన్నాయి, అన్నీ ఒకేసారి బయట పెట్టరు. మూర్ తన శిల్పాలకి ఆకాశం, పచ్చిక కావాలని కోరుకున్నవాడు. వాటి చుట్టూ తిరిగి, కొండ వెనక ఉండేలా ఒకసారి, ఆకాశం వెనక ఉండేలా ఒకసారి చూడండి. కంచు బొమ్మ అదే, బరువు మాత్రం మారినట్టుంటుంది. నీకీ ద సెయింట్ ఫాల్ చేసిన రంగురంగుల పెద్ద ఆడమనిషి, నీళ్ళలో పడుకున్న తలలా ఉన్న లాలాన్ దంపతుల శిల్పం, కార్ల్ మిల్లెస్ ఎత్తైన స్తంభం మీద నిలిపిన గుర్రం, మనిషి ఇవి వెతక్కుండానే కనిపిస్తాయి.

పికాసో భవనం నిజంగా చూడదగ్గదా?

అవును, కాకపోతే పెద్ద పెద్ద పెయింటింగ్‌లు ఉంటాయనుకుని వెళ్ళకండి. పికాసో పెద్ద కూతురు మాయా దగ్గర్నుంచి తెచ్చిన 188 మట్టిపాత్రలు, పలకల చుట్టూ అల్లిన సేకరణ ఇది, మొత్తం మూడొందలు దాటుతుంది. భవనం 1984లో మొదలై, 2019లో కొత్తగా సర్దారు. పళ్ళెం మీద చేప ముల్లు అచ్చు, కూజా మెడ గుడ్లగూబగా మారడం, ఇలాంటి చిలిపి పనులన్నీ దగ్గరినుంచి చూడొచ్చు. పికాసో అంటే తలతిప్పుకునేవాళ్ళు కూడా ఇక్కడ నవ్వుతూ బయటికొస్తారు.

పోలా మ్యూజియం భూమిలోపల ఎందుకు కట్టారు?

నేషనల్ పార్క్‌లో కాబట్టి. అడవి కనిపించకుండా చేసే కట్టడం ఒప్పుకోరు. అందుకే నేలకి పైన 8 మీటర్ల లోపే ఉంచి, మిగతాదంతా కిందికి దింపారు. నేలలో గిన్నెలా తవ్వి, దాదాపు 76 మీటర్ల వ్యాసం ఉన్న కాంక్రీట్ పాత్ర పోసి, అందులో భవనాన్ని భూకంపం కుదుపు అందని బేరింగుల మీద నిలిపారు. గిన్నెకీ భవనానికీ మధ్య సందు ఉంది. నేల ఊగినా బొమ్మలు ఊగకుండా ఉండటానికే.

చూసేవాళ్ళకి ఇది ఎలా తెలుస్తుందంటే, రోడ్డు మీంచి గాజు వంతెన దాటి లోపలికి వెళ్ళి ఎస్కలేటర్ ఎక్కుతారనుకుంటారు కదా, దిగుతారు. దిగేకొద్దీ చెట్ల కొమ్మలు మీ పక్కకి, తర్వాత పైకి వస్తాయి. ఎత్తు తిరగబడినట్టుంటుంది.

సేకరణ పోలా కాస్మెటిక్స్ యజమాని సుజుకి త్సునేషి దాదాపు 40 ఏళ్ళు పోగుచేసింది, 10,000 వస్తువుల దాకా. మోనే, రెన్వార్, వాన్ గో, పికాసో, ప్యారిస్‌లో పేరు తెచ్చుకున్న ఫుజితా ఉన్నారు. రెన్వార్ గీసిన లేసు టోపీ అమ్మాయి ఈ మ్యూజియంకి గుర్తులాంటిది. అయితే అన్నీ ఎప్పుడూ గోడ మీద ఉండవు. ఎగ్జిబిషన్‌ని బట్టి మారుస్తారు, విదేశాలకి అప్పిస్తారు. ఫలానా బొమ్మ కోసమే వస్తుంటే ఆ వారం అది ప్రదర్శనలో ఉందో లేదో మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకుని టికెట్ కొనండి. ఎగ్జిబిషన్ మారే రోజుల్లో మ్యూజియం కొద్ది రోజులు మూసేస్తుంది కూడా.

పోలా బయట అడవి బాట సంగతేమిటి?

వదిలేయకండి. ముదురు బీచ్ చెట్లు, మెత్తని నున్నటి నారింజ రంగు బెరడున్న హిమెషరా చెట్ల మధ్య నడక. దారిలో శిల్పాలున్నాయి. హిమెషరా మాను మీద చెయ్యి పెడితే వేసవిలో కూడా చల్లగా తగులుతుంది. వర్షం పడ్డాక చెక్కబాట జారుతుంది, సన్నని అట్ట ఉన్న చెప్పులు వద్దు. మంచు కురిసినా, గాలి ఎక్కువున్నా బాట మూసేస్తారు. లోపల బొమ్మలు చూశాక బాటకి వెళ్దామని పెట్టుకుంటే చివర్లో సమయం ఉండదు, ముందే నడిచి రండి.

ఒకాడాలో ఫోన్ లోపలికి తీసుకెళ్ళనివ్వరట, నిజమేనా?

నిజమే. ఫోన్, కెమెరా, ఎలక్ట్రానిక్ వస్తువులు, నీళ్ళ సీసా అన్నీ లాకర్‌లో పెట్టి, విమానాశ్రయంలో లాంటి గేటు దాటి వెళ్ళాలి. చాలామంది విసుక్కుంటారు, తీరా లోపల రెండు గంటలు ఫోన్ లేకుండా ఐదు అంతస్తులు తిరిగాక ఈ నియమం మంచిదేనంటారు. ముందు జాగ్రత్తలు ఇవి: ఇద్దరు విడివిడిగా తిరిగితే మళ్ళీ ఎన్ని గంటలకి ఎక్కడ కలవాలో ముందే అనుకోండి, చేతికి గడియారం పెట్టుకోండి, తిరుగు బస్సు టైము కాగితం మీద రాసుకోండి.

టికెట్ హకోనెలోకెల్లా ఖరీదు, పెద్దవాళ్ళకి 2,800 యెన్‌లు. ఇక్కడి సేకరణలో కొంత 2025 నవంబరులో హాంకాంగ్‌లో వేలానికి వెళ్ళింది. పాతకాలపు జపనీస్ చిత్రకారుడు ఉతమారో వేసిన పెద్ద బొమ్మ, మంచులో ఫుకగావా, అందులోనే పోయింది. పాత గైడ్ పుస్తకంలో ఫోటో చూసి దాని కోసం వెళ్ళకండి. ఇప్పుడు ఏముందో చూసుకుని వెళ్ళండి.

బయట పాదాల స్నానం దగ్గర కూర్చుంటే ఎదురుగా 30 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల ఎత్తున గాలి దేవుడు, ఉరుము దేవుడి గోడ చిత్రం. బంగారు నేల మీద ఫుకుయి కోతారో వేసింది. మ్యూజియం టికెట్ ఉన్నవాళ్ళకి పాదస్నానానికి వేరే రుసుము లేదు.

పాదస్నానం అంటే ఏం చేయాలి?

అషియు అంటారు. వేడినీటి బుగ్గ నీళ్ళు నింపిన తొట్టి గట్టు మీద కూర్చుని మోకాళ్ళ దాకా కాళ్ళు ముంచుకోవడమే. శిల్పాల మ్యూజియంలో కూడా ఉంది, టికెట్‌లోనే కలిసి ఉంటుంది. తువ్వాలు వెంట తెచ్చుకోండి, లేకపోతే అక్కడ చిన్నది కొనుక్కోవచ్చు. చీర, చుడీదార్ కట్టుకునేవాళ్ళకి కాళ్ళకి అతుక్కునే లెగింగ్స్ కంటే వదులు పంట్లాం నయం, మోకాలి పైకి మడవాలి కదా. సబ్బు వాడకూడదు, అరికాళ్ళు రుద్దుకోకూడదు. పదిహేను నిమిషాలు చాలు, ఎక్కువసేపుంటే తల తిరుగుతుంది. గేటు మూసేకంటే ముందే తొట్టి మూసేస్తారు, చివరికి వాయిదా వేయొద్దు.

ఫోటోలు ఎక్కడ తీసుకోవచ్చు?

శిల్పాల మ్యూజియంలో ఆరుబయట తీసుకోవచ్చు, పికాసో భవనంలో వద్దు. పోలాలో చాలా బొమ్మలకి అనుమతి ఉంది. గీత కొట్టిన కెమెరా గుర్తు పక్కన ఉంటే ఆ బొమ్మ వరకు వద్దని అర్థం. ఫ్లాష్, స్టాండ్, సెల్ఫీ కర్ర ఎక్కడా వద్దు. ఒకాడాలో ఆ ప్రశ్నే లేదు. నోట్స్ రాసుకుంటే పెన్నుతో కాదు, పెన్సిల్‌తోనే. సిరా పొరపాటున చింది బొమ్మ మీద పడితే పోదు, అందుకని. అడిగితే చాలా చోట్ల వాళ్ళే పెన్సిల్ ఇస్తారు.

సూట్‌కేసులు ఏం చేయాలి?

యుమొతో స్టేషన్‌లో హకోనె క్యారీ సర్వీస్ ఉంది. మధ్యాహ్నం 12:30 లోపు అక్కడ ఇస్తే 3 గంటల తర్వాత మీ హోటల్‌కి చేరుస్తారు. మర్నాడు హోటల్ నుంచి స్టేషన్‌కి కూడా తెచ్చిపెడతారు. పెద్ద సూట్‌కేసుతో కొండ రైలెక్కడం మీకూ పక్కవాళ్ళకీ శిక్ష. మ్యూజియంల లాకర్లలో చిన్న బ్యాగులే పడతాయి. వాటికి 100 యెన్‌ల నాణెం కావాలి, తాళం తీశాక నాణెం తిరిగొస్తుంది. గొడుగులకి గుమ్మం బయట తాళం ఉన్న స్టాండ్ ఉంటుంది, తాళంచెవి జేబులో పెట్టుకుని మర్చిపోకండి.

పిల్లలతో, పెద్దవాళ్ళతో వస్తే?

పిల్లలకి శిల్పాల మ్యూజియం ఒక్కటే సరైనది. అక్కడ నెట్ నో మొరి అని, చెక్క దూలాలు పేర్చి కట్టిన గోపురంలో చేత్తో అల్లిన రంగుల వలలు వేలాడదీశారు. హోరియుచి తొషికో మాక్‌ఆడమ్ అల్లిన ఆ వలల్లో పిల్లలు ఎక్కి దొర్లి ఆడుకోవచ్చు, ప్రాథమిక పాఠశాల వయసు వరకే. పెద్దవాళ్ళు బయట బెంచీ మీద. ఇక్కడ గంట పోతుందని లెక్కలో వేసుకోండి. మిగతా శిల్పాలు ఎక్కడానికి కాదు.

పెద్దవాళ్ళకి పోలా, ఒకాడా సులువు. లోపలంతా లిఫ్టులు, కూర్చునే చోట్లు. శిల్పాల మ్యూజియంలో ఏటవాలు దారులున్నాయి, చక్రాల కుర్చీ అక్కడ ఇస్తారు. నాచు తోటలో రాతిమెట్లు తడిగా ఉంటాయి, కర్రతో నడిచేవాళ్ళకి ఇబ్బంది.

శాకాహారులకి తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, మ్యూజియం కెఫెలని నమ్ముకోకూడదు. మాంసం లేదంటే సరిపోదు. దాషి అని ఎండు చేపతో కాచిన చారు నూడుల్స్ పులుసులో, కూరగాయల ఉడకబెట్టిన కూరలో, సాస్‌లో కూడా ఉంటుంది. వెజిటేరియన్ అని చెప్తే మాంసం ముక్కలు తీసేసి అదే పులుసు పోసి ఇస్తారు, వాళ్ళ దృష్టిలో అది తప్పు కాదు. అందుకని ఈ మాట నేర్చుకోండి: నికు మో, సకానా మో, కత్సువో దాషి మో తబెమాసెన్. మాంసం, చేప, చేప చారు ఏదీ తిననని అర్థం.

యుమొతో స్టేషన్ దగ్గర కొన్న అన్నం ఉండలు, బ్రెడ్, పళ్ళు బ్యాగులో వేసుకోవడం ఉత్తమం. ఉమెబోషి అనే, ఉప్పులో ఊరిన పుల్లటి పండు పెట్టిన అన్నం ఉండ చాలామందికి పనికొస్తుంది, మన ఊరగాయ అన్నంలా పుల్లగా ఉంటుంది. కాకపోతే దాని రుచికి చేప సారం కలిపేవీ ఉన్నాయి, కట్టుదిట్టంగా ఉండేవాళ్ళు వెనక ఉన్న పదార్థాల పట్టీని ఫోన్‌తో అనువదించి చూసుకోండి. మ్యూజియం లోపల తినకూడదు. శిల్పాల తోటలో బెంచీల మీద కూర్చుని తినే చోట్లున్నాయి. రాత్రి ర్యోకాన్‌లో, అంటే జపాన్ పద్ధతి బసలో, ఉంటే భోజనం విషయం బుకింగ్ రోజే చెప్పాలి, వచ్చాక చెప్తే వంట అయిపోయి ఉంటుంది.

ఏ నెల మంచిది?

జూన్ మధ్య నుంచి జులై మధ్య దాకా కొండ రైలు దారంతా హైడ్రేంజియా పూలు. అప్పుడు వర్షాకాలం కూడా. సెప్టెంబరు చివరి నుంచి సెన్‌గోకుహారాలో రెల్లుగడ్డి వెండి రంగులోకి తిరుగుతుంది, లాలిక్ చూసినవాళ్ళు సాయంత్రం ఎండకి అక్కడికి పోవచ్చు. నవంబరు మొదటి రెండు మూడు వారాలు ఎర్ర ఆకులు, దాంతో పాటే రద్దీ. చలికాలం ఆకాశం తేటగా ఉండి నరుకావా పెద్ద అద్దాల్లోంచి సరస్సు, ఎర్ర తొరీ ద్వారం, ఫూజీ కనిపించే అవకాశం ఎక్కువ.

జనవరి 2, 3 తేదీల్లో రావద్దు. టోక్యో నుంచి హకోనెకి విశ్వవిద్యాలయాల రిలే పరుగు పందెం, ఆ రోడ్డు మీదే. బస్సులు ఆగిపోతాయి. కోవకుదాని లెవెల్ క్రాసింగ్ దగ్గర రన్నర్ల కోసం రైలునే ఆపుతారు.

వర్షం పడితే ప్లాన్ పాడైనట్టేనా?

శిల్పాలు, నరుకావా మర్నాటికి వేసి, పోలా, ఒకాడా ముందుకి తెచ్చుకోండి. నాచు తోట మాత్రం వాన వెలిసిన గంటలోనే చూడాలి. అక్కడ 130 రకాల నాచు, 200 దాకా మేపుల్ చెట్లున్నాయి. తడిసిన నాచు లోపలినుంచి దీపం పెట్టినట్టు ఉంటుంది, ఎండలో అదే ముదురు పచ్చ చాపలా కనిపిస్తుంది. నాచు మీద అడుగు పడితే కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది, రాళ్ళ మీదే నడవాలి. హకోనె మ్యూజియం గురువారాలు మూస్తారు, నవంబరులో తప్ప. గేటు కూడా చాలావాటికంటే ముందే, 4:30కి, చలికాలంలో 4 గంటలకి మూసేస్తారు.

రైలు ఎందుకంత నెమ్మది? మధ్యలో వెనక్కి వెళ్తోందేమిటి?

తప్పు రైలెక్కలేదు. కొండ నిటారుగా ఉన్నచోట రైలు ముందుకెళ్ళి ఆగి, వెనకవైపుగా ఇంకో పట్టా మీద ఎక్కుతుంది. ఇలాంటివి మూడు చోట్ల. ప్రతిసారీ డ్రైవరు, కండక్టరు బండి దిగి ప్లాట్‌ఫాం మీద ఎదురెదురుగా నడిచి చోట్లు మార్చుకుంటారు. ఏటవాలు కిలోమీటరుకి 80 మీటర్లు, మామూలు చక్రాల రైలుకి జపాన్‌లో ఇదే ఎక్కువ. మలుపుల్లో చక్రాలు అరగకుండా నూనె వాడితే జారిపోతుంది కాబట్టి పట్టాల మీద నీళ్ళు చల్లుకుంటూ పోతుంది, ఆ ట్యాంకు బండిలోనే ఉంటుంది.

కారు అద్దెకి తీసుకోవచ్చా?

మన ఆర్టీవో ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ అక్కడ చెల్లుతుంది, బండి నడిపేదీ ఎడమవైపే. సెన్‌గోకుహారా వైపు రెండో రోజుకి కారు హాయి. శని ఆదివారాల్లో, ఎర్ర ఆకుల రోజుల్లో మాత్రం వద్దు, యుమొతో నుంచి గోరా వైపు వెళ్ళే రోడ్డు సన్ననిది. అలాంటి రోజుల్లో బస్సుకీ అదే గతి, గోరా దాకా రైలే నమ్మకం. డిసెంబరు నుంచి మార్చి దాకా మంచు టైర్లు అడిగి వేయించుకోండి.

పాత బ్లాగుల్లో లిటిల్ ప్రిన్స్ మ్యూజియం అని ఉంది, దొరకడం లేదు?

2023 మార్చి చివర మూసేశారు. బస్సు స్టాప్ కోసం వెతక్కండి.

లాలిక్‌లో రైలు పెట్టెలో టీ తాగొచ్చంటారు, ఎలా?

1929 నాటి పెట్టె అది. లోపలి గోడలకి రెనే లాలిక్ గాజు పలకలు 150 దాకా ఉన్నాయి. మ్యూజియం టికెట్‌తో సంబంధం లేదు, వేరే డబ్బు. సమయాల వారీగా కొద్దిమందినే ఎక్కిస్తారు, అదే రోజు అక్కడికెళ్ళి పేరు రాయించుకోవాలి. అందుకని చేరగానే ముందు టీకి పేరు రాయించి, ఆ తర్వాత మ్యూజియం చూడండి. మ్యూజియం చూసేసి వస్తే ఖాళీలు ఉండవు.

సాయంత్రం ఐదు తర్వాత ఏముంటుంది?

పెద్దగా ఏమీ ఉండదు. గోరాలో తినే చోట్లు తొందరగా మూసేస్తారు, మ్యూజియం బస్సులూ ఆ వేళకి పలచబడతాయి. పోలా దగ్గర దిగగానే తిరుగు బస్సుల బోర్డుని ఫోటో తీసి పెట్టుకోండి. ఆఖరి బస్సు తప్పితే టాక్సీని మ్యూజియం కౌంటర్ వాళ్ళనే పిలవమనాలి, రోడ్డు మీద చెయ్యి ఊపితే ఆగేవి దొరకవు. ర్యోకాన్‌లో భోజనం సాధారణంగా ఆరు, ఆరున్నరకి మొదలుపెడతారు. ఆలస్యం అయ్యేట్టుంటే ఫోన్ చేసి చెప్పండి.